నాలుగో గీత మీద పేరు

పోయినాయన పేరు ఇందులో రాయను. ఆయన రాయవలసిన పేరు ఒకటి రాయలేదు కాబట్టి నేనూ రాయను. పంతమా అంటే పంతమే.

ఆయన చింతామణిలో మాకు డిగ్రీలో బాటనీ చెప్పాడు. అప్పటికి మా జిల్లా ఇంకా కోలారే. ఆ తర్వాత చిక్కబళ్ళాపురం జిల్లా అయింది, బాగేపల్లి మీదుగా పోయే హైదరాబాదు రోడ్డు వెడల్పయింది, ఆయనా పోయాడు. కబురు వచ్చినప్పుడు నేను బాగేపల్లిలో నా బడిలో ఎనిమిదో తరగతి పిల్లల చేత తడిగుడ్డలో అలసందలు మూట కట్టిస్తున్నాను. ఫోన్ చేసింది హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు.

“మే, సార్ పోయినారంట, తెలుసునా? ఆదివారం వైకుంఠ సమారాధన, చిక్కబళ్ళాపురంలో వాళ్ళింట్లోనే. నువ్వు రావాల్సిందే. నీమీద ఎంత ప్రాణమో ఆయప్పకి.”

“ఊఁ” అన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపు రాలేదు. పిల్లలకు ఎక్కడిదాకా చెప్పానో మాత్రం మరచిపోయాను.

ఆయనకు ఏ మొక్క ఇచ్చినా ముందు ఆకు నలిపి, కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. ముక్కు చెప్పిన తర్వాతే కళ్ళజోడు పెట్టుకునేవాడు. “కండ్లు మోసపోతాయి అమ్మణ్ణీ, ముక్కు మోసపోదు” అనేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె ఉండేది. బీడీలు తాగుతాడని మొదటి వారమంతా అనుకున్నాం. ఒకరోజు తీసి తెరిస్తే నిండా గింజలు. ఎండలోకి తీసుకుపోతే నెత్తిన చేతిరుమాలు పరచుకుని, దాని నాలుగు మూలలూ ముడి వేసుకుని, కొండ ఎక్కేటప్పుడు మాకంటే ముందుండేవాడు. సంతోషం వస్తే ఎడమచెవి తమ్మె పట్టుకుని లాక్కునేవాడు. ఆయన చెవి ఎర్రబడిందంటే ఆ రోజు పాఠం బాగా జరిగినట్టు. మేము ఆయన ముఖం చూసేవాళ్ళం కాదు, చెవి చూసేవాళ్ళం.

చింతామణి బజారులో వాళ్ళకు తాతల నాటి అంగడి ఉంది. ఇంట్లో నీసు వాసన పడదని, పండగలూ మడులూ గట్టిగా పాటిస్తారని అందరికీ తెలుసు. మేము బాగేపల్లి పక్కన ఒక పల్లెలో నాయకులం. ఊళ్ళో పాత మాట బోయోళ్ళు. కాగితాల్లో ఎస్టీ. అక్కడి నుంచి చేలూరు మీదుగా బస్సులో వచ్చి హాస్టల్లో చేరిన పిల్లలం క్లాసులో వెనక బెంచీల్లో కూర్చునేవాళ్ళం. అక్కడే కూర్చోమని మాకెవరూ చెప్పలేదు. కాళ్ళు వాటంతటవే వెనక్కి పోయేవి. పన్నెండో తరగతి దాకా కన్నడ మీడియంలో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాల్లో పడ్డాం. నోరు తెరిస్తే తప్పు వస్తుందని తెరిచేవాళ్ళం కాదు.

మొదటి రోజే ఆయన గట్టు మీది కలుపుమొక్క ఒకటి పీక్కొచ్చి బల్ల మీద పెట్టాడు.

“దీన్ని ఏమంటారు?”

ముందు బెంచీల వాళ్ళు పుస్తకాలు తిప్పారు.

“పుస్తకంలో కాదప్పా. మీ ఇంట్లో ఏమంటారు? ఎనకుండే అమ్మణ్ణీ, నువ్వు చెప్పు.”

“తుమ్మి, సార్” అన్నాను. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“నవ్వినోళ్ళు లేసి దీని పేరు చెప్పండి” అన్నాడు. ఎవరికీ తెలియదు. ఆయన బోర్డు మీద తుమ్మి అని కన్నడ అక్షరాల్లో పెద్దగా రాసి, దాని కింద చిన్నగా లాటిన్ పేరు రాశాడు. “ఈ పాప వాళ్ళింట్లో పేరు మొదలు పుట్టింది. లాటిన్ పేరు చానా ఎనక వచ్చింది. బోర్డు మీద కూడా అట్లే ఉండల్ల. దీని గురించి ఇంకేం తెలుసు నీకు?”

“కాడకు నాలుగు పలకలుంటాయంట సార్. తులసికీ అంతేనంట. రెండూ అక్కచెల్లెండ్లని మా అవ్వ చెప్తాది.”

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. తర్వాత చెయ్యి చెవి మీదికి పోయింది. ఆ గంటంతా తులసి కుటుంబం గురించే చెప్పాడు. అయితే ఊరికే మెచ్చుకుని వదిలే మనిషి కాదు. “నల్లేరుకీ నాలుగు పలకలే కదా. అదీ చెల్లెలేనా? పోయి మీ అవ్వను అడుక్కోని రా” అన్నాడు.

శనివారం ఊరికి పోయి అడిగాను. అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “నల్లేరును ఎవురు చెల్లెలన్నారే? కాడ ఒకటి చూస్తే చాలునా? పువ్వు చూడల్ల. నోరు తెరిచినట్లుండల్ల, కింది పెదివి ముందుకుండల్ల.” సోమవారం అదే మాట క్లాసులో చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్క గుర్తుతో కాదు, నాలుగు గుర్తులు కలిపి కుటుంబాన్ని పట్టాలని పుస్తకంలో రెండు పేజీలు ఉంది. ఆ రెండు పేజీలు నాకు ఇంట్లోనే ఉన్నాయని అంతవరకు నాకే తెలియదు.

ఆయన్ని మేము దేవుణ్ణి చేసుకున్నది అందుకు. జాలితో కాదు, తెలివి ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. తప్పు చెప్తే తప్పనేవాడు.

మొక్కను కాగితాల మధ్య నొక్కి, ఎండబెట్టి, అట్ట మీద కుట్టి, కింద ఒక మూల చీటీ అంటించాలి. ఏ కాలేజీలోనైనా ఆ చీటీ మీద మూడు గీతలుంటాయి. మొక్క పేరు, దొరికిన చోటు, దొరికిన రోజు. మా చీటీలకు మాత్రం ఆయన తన చేత్తో నాలుగో గీత గీయించాడు. దాని పక్కన కన్నడంలో ‘హేళిదవరు’ అని రాయాలి. చెప్పినవారు అని అర్థం. మా వైపు తెలుగు మాట్లాడి కన్నడంలో రాస్తాం. ఈ తెలుగు అక్షరాలు నేను ఉద్యోగం వచ్చాక నేర్చుకున్నవి.

“ఈ గీత ఖాళీగా ఉంటే ఇది ఎండు గడ్డి. ఎనుముకెయ్యండి” అనేవాడు. నా స్నేహితురాలు ఒకసారి ‘మా అమ్మ’ అని రాసి ఇచ్చింది. కాగితం దాని ముఖాన కొట్టినంత పని చేశాడు.

“మీ యమ్మకు పేరు లేదా?”

అది కళ్ళనీళ్ళు పెట్టుకుని వాళ్ళమ్మ పేరు రాసింది. ఆ పేరును ఎవరైనా కాగితం మీద పెట్టమనడం దానికి అదే మొదటిసారి.

మా అవ్వ పేరు గంగులమ్మ. ఆమెకు కొండమీది చెట్లూ, తీగలూ, గడ్డలూ తెలుసు. మా అమ్మకు అవి పట్టలేదు. నాకు పడతాయని చిన్నప్పటి నుంచి కొండకు వెంట తీసుకుపోయేది. కానీ అసలువి ఇంకా చెప్పలేదు. అందులో ఒకటి బాలింతలకు ఇచ్చే గడ్డ. దాని పేరు కూడా ఇక్కడ రాయను. మూడో సంవత్సరంలో ఒకరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ దాని సంగతి ఆయన దగ్గర నోరు జారాను. ఇక వదల్లేదు. వారం వారం అదే అడిగేవాడు.

“మీ యవ్వను ఒక్కసారి చూపియ్యమను. పరీక్షకు ఇరవై అట్టలు పెట్టల్ల కదా, ఇరవయ్యోది అదే కానీ. ఇట్లాంటిది మన కాలేజీలోనే లేదు.”

అవ్వను అడిగితే ఒకే మాట అంది. “మనింట్లో తిననోళ్ళకి చెప్పేది లేదు.” మా వాళ్ళ పద్ధతి అది. మందు చెప్పాలంటే ముందు కూడు పెట్టాలి. మన చేతి కూడు తిన్న మనిషి మనకు చెడు తలపెట్టడని నమ్మకం. ఆ మాటతో అయ్యవారు ఆగిపోతాడని అవ్వ ధైర్యం. నేనూ అట్లాగే అనుకున్నాను. అంగళ్ళ వాళ్ళు మా ఇంట్లో నీళ్ళు కూడా తాగరు.

ఆయన వచ్చేశాడు. చేలూరు బస్సు దిగి, నెత్తిన ముడులేసిన చేతిరుమాలుతో, ఊరి బయట నుంచి నడిచి మా కాలనీలోకి వచ్చాడు. మా అమ్మ భయపడి లోపలికి పోయింది. అవ్వ గడప దగ్గర నుంచి లేవలేదు.

“అయ్యోరప్పా, మాది బోయోళ్ళ ఇల్లు. తెలిసే వచ్చినావా?”

“తెలిసే వచ్చినానమ్మా.”

“తినకుండా చెప్పేది మాకు లేదు.”

“పెట్టమ్మా మరి. ఆకలిగానే ఉండాది.”

సంగటి ముద్ద, చెంచలాకు పప్పు, వేరుసెనక్కాయలు నూరిన ఊరిమిండి పెట్టింది. ఆయన చెప్పులు బయట విడిచి, నేల మీద కూర్చుని, ముద్దను వేళ్ళతో తుంచి పప్పులో అద్ది మింగాడు. నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను. ఆ పూట ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది. రెండో ముద్ద కూడా అడిగి పెట్టించుకున్నాడు. కంచం తనే తీసుకుపోయి కడిగి బోర్లించాడు. అవ్వ ముఖం మెత్తబడింది. మనింట్లో తిన్నోడు అని మెల్లగా నాతో అంది.

మధ్యాహ్నం ముగ్గురం కొండకు పోయాం. ఒక బండ వారన ఆగి ఆయన్ని చెప్పులు విడవమంది. మా నీడలు పడకుండా పక్కకు జరగమంది. గునపంతో చుట్టూ తవ్వి గడ్డను పైకి తీసి, కొడవలితో తలకాయ దగ్గర ఏటవాలుగా కోసింది. ఆకులున్న కాడను తెంపి నాకిచ్చి, కోసిన తలను తిరిగి అదే గుంతలో పెట్టి, మట్టి కప్పి, సీసాలో తెచ్చిన నీళ్ళు పోసింది. తల పెట్టకుండా గడ్డ తీసుకోవడం మాకు లేదు. అది మళ్ళీ చిగురించాలి.

“పేరు చెప్తాను. చెప్పేది నీకు కాదప్పా, ఈ పాపకి. నువ్వు పక్కన ఉండావు కాబట్టి ఇంటావు” అంది. చెప్పింది. ఆయన చెయ్యి చెవి తమ్మె మీదికి పోయింది.

“కాగితం మీదికి పోయింది మళ్ళీ మన చేతికి వస్తాదా?” అని అడిగింది అవ్వ.

“నీ పేరు లేకుండా ఇది యాడికీ పోదమ్మా. నేనుండాను కదా.”

“సరే. నాకు ఇట్లాంటివి చానా తెలుసు. వయసయిపోయింది, ఈ పాపకి ఇచ్చి పోవల్ల. ఇది యెట్ల పోతాదో చూసి మిగతావి చెప్తా.”

అంటే నా చదువుకంటే పెద్దదే ఆ కాగితం మీద పెట్టింది. అది నాకు అప్పుడే తెలుసు. ఆయనకూ తెలుసు, అవ్వ ఆయన ముఖం మీదే చెప్పింది కదా.

ఆ అట్టను నేను పదిరోజులు కంటికి రెప్పలా చూసుకున్నాను. రోజూ పాత పేపర్లు మార్చి, పెట్టె కింద నొక్కి, ఎండిన తర్వాత కుడుతుంటే తెల్లదారం అయిపోయింది. అవ్వ తన పాత చీర అంచులోంచి ఎర్రదారం ఒక పోగు లాగి ఇచ్చింది. సగం కాడ తెల్లదారంతో, సగం ఎర్రదారంతో కుట్టాను. గడ్డ కొస ఏటవాలుగా తెగి ఉంది. నాలుగో గీత మీద ‘హేళిదవరు: గంగులమ్మ’ అని రాశాను. ఆయన చూసి చెవి రెండుసార్లు లాక్కుని, ఆకుపచ్చ సిరాతో సంతకం చేశాడు. ఇరవై అట్టలూ కట్టగా కట్టి పరీక్షకు ముందు రోజు ఆయన చేతికి ఇచ్చాను, తన బీరువాలో పెట్టుకున్నాడు. తాళం ఆయన దగ్గరే ఉండేది.

మరుసటి రోజు ప్రాక్టికల్ పరీక్ష. బెంగళూరు నుంచి ఇంకొక ప్రొఫెసర్ వచ్చాడు. సఫారీ సూటు, చేతిలో ఎర్ర పెన్సిలు. మా సార్ ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు వాసన చూడలేదు, జేబులో అగ్గిపెట్టె లేదు. నా కట్ట విప్పి ఆ ప్రొఫెసర్ ముందు చీటీ చూశాడు.

“ఏమిటిది, హేళిదవరు? ఇది సైన్సు ప్రాక్టికలా, జానపద మేళానా?” అని కన్నడంలో అడిగాడు.

నేను సార్ వైపు చూశాను. ఆయన చెప్తాడు, బోర్డు మీద రాసి మరీ చెప్తాడు అనుకున్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

“పిల్లలు ఏదో రాసుకున్నారు సార్” అన్నాడు.

ప్రొఫెసర్ అట్టలు లెక్కపెట్టాడు. మళ్ళీ పెట్టాడు. పంతొమ్మిది. ఇరవయ్యోది లేదు. ఇరవై నిండకపోతే అట్టల మార్కులు ఒక్కటీ రావని మొదటి రోజు నుంచి ఉన్న నియమం.

“ఇరవై ఇచ్చినాను సార్. నిన్న మీ చేతికే ఇచ్చినాను. ఎర్రదారంది, సార్, మీరు సంతకం కూడా పెట్టినారు.” ఈ మాటలు నేను ప్రొఫెసర్‌తో కాదు, మా సార్‌తో అన్నాను.

ఆయన నావైపు చూడకుండా పెన్ను మూత తిప్పాడు. “ఆయమ్మ ఇచ్చింది ఇంతే సార్. నాకు తెలీదు.”

ప్రాక్టికల్లో ఫెయిలయ్యాను. మా కాలనీలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను నేను. మా నాయన చాలా మందికి ముందే చెప్పుకుని ఉన్నాడు. వరండాలో సార్‌ని పట్టుకున్నాను. “సప్లిమెంటరీలో చూద్దాంలే అమ్మణ్ణీ. ఇంకొకటి ఎండబెట్టుకో” అన్నాడు. తప్పిపోయింది పుస్తకమో పెన్నో అన్నట్టు అన్నాడు.

ఇంకొకటి కోసం అవ్వ దగ్గరికి పోయాను. కాగితం ఎక్కడికి పోయిందని అడిగింది. తెలియదన్నాను. నా పేరు పెట్టినావా అంది. పెట్టినానన్నాను. అయ్యవారు ఏమన్నాడని అడిగింది. నేను అబద్ధం చెప్పలేకపోయాను.

“తిన్నోడు అట్ల అంటాడా?” అంది. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక అడిగింది. అంతే. ఆ తర్వాత కొండకు ఒక్కతే పోయేది. నేను చెప్పులు వేసుకుని వెంట పోబోతే, “నువ్వు చదువుకో పాపా, నీకు చెప్తే కాగితానికి పోతాది” అనేది. రోజూ చూసే జిల్లేడుతో ఇరవయ్యో అట్ట పెట్టుకుని నేను సప్లిమెంటరీలో గట్టెక్కాను. ఆ మరుసటి ఏడాది అవ్వ పోయింది. చానా తెలుసు అన్నవేవీ చెప్పలేదు. ఇప్పుడు నేను కొండకు పోతే ఆ ఒక్క గడ్డను గుర్తుపడతాను. మిగతావన్నీ నాకు ఆకులే.

ఇంత జరిగినా ఆయన్ని పూర్తిగా ద్వేషించలేకపోయానంటే నమ్ముతారా? బెంగళూరు మనిషి ముందు భయపడ్డాడు, ఆయనదీ ఉద్యోగమే కదా అని నేనే సర్దిచెప్పుకున్నాను. కట్ట మార్చేటప్పుడు అట్ట ఎక్కడో జారిపోయి ఉంటుందని కూడా నేనే ఆయన తరఫున వాదించుకున్నాను. రెండేళ్ళ తర్వాత చింతామణి బస్టాండులో కనిపించాడు. నేను బీఎడ్ చేస్తున్నాను. ఆయనే దగ్గరికి వచ్చి, కాఫీ ఇప్పించి, చిక్కబళ్ళాపురానికి బదిలీ అయిందని చెప్పాడు.

“అవ్వ ఎట్లుండాది?”

“పోయింది సార్.”

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు. “ఆయమ్మతో ఎన్ని పోయినాయో” అన్నాడు. నేను ఆయన్ని ఓదార్చాను. మా అవ్వ పోయినందుకు నేనే ఆయన్ని, “ఏడవద్దు సార్” అని ఓదార్చి, బాగేపల్లి బస్సెక్కి, దారి పొడుగునా ఆయన మంచితనాన్ని తలచుకుంటూ పోయాను. ఆ రోజును తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఆదివారం చిక్కబళ్ళాపురం పోయాను. స్నేహితురాలు బస్టాండులో ఎదురుచూస్తోంది. ఇద్దరం పూలు కొనుక్కుని వెళ్ళాం. వాకిట్లో షామియానా, వెనక వంటలు. హాల్లో ఆయన ఫోటోకు దండ వేసి ఉంది. రిటైరయిన ప్రిన్సిపాల్ ఒకాయన మైకు లేకుండానే మైకు ఉన్నట్టు మాట్లాడుతున్నాడు. పల్లె ప్రజల విజ్ఞానాన్ని తరగతి గదిలోకి తెచ్చిన మొదటి మనిషి, ఆయన చెప్పిన దారిలోనే ఇప్పుడు అందరూ నడుస్తున్నారు అంటున్నాడు. అందరూ తలలు ఊపుతున్నారు. నేనూ ఊపాను. అది అబద్ధం కాదు కదా.

పూలు పెట్టి తలెత్తాను. ఫోటోకు పైన, గోడమీద అద్దం బిగించిన చట్రం ఉంది. లోపల ఒక ఎండిన మొక్క. సగం కాడ తెల్లదారంతో, సగం ఎర్రదారంతో కుట్టి ఉంది. గడ్డ కొస ఏటవాలుగా తెగి ఉంది.

స్నేహితురాలు ఏదో అంటోంది, నాకు వినపడలేదు. దగ్గరికి పోయి మునివేళ్ళ మీద నిలబడి చీటీ చూశాను. నా రాతే. పేరు, ఊరు, రోజు. మూడు గీతలు. మూడో గీత కింద చీటీని బ్లేడుతో కోశారు. చాలా నీటుగా, కొలబద్ద పెట్టి కోసినట్టుంది. ఆయన చేతిపని అంతే, ఎప్పుడూ వంకర పోదు. కింద ఇత్తడి రేకు మీద సేకరణ అని చెక్కి, ఆయన పేరు ఉంది.

జారిపోలేదన్నమాట. నేను ఫెయిలైన రోజు అది ఆయన దగ్గరే ఉంది. బస్టాండులో కళ్ళజోడు తుడుచుకున్న రోజు కూడా ఆయన దగ్గరే ఉంది.

ఆయన భార్య నా పక్కకు వచ్చి నిలబడింది. చిన్న మనిషి, ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది. ఆమె మీద నాకేమీ కోపం లేదు, ఇప్పటికీ లేదు.

“అదంటే ఆయనకి ప్రాణమమ్మా. ఇల్లు మారినప్పుడు మొదలు దాన్నే గోడకు తగిలించినాడు. ఈ పేరు ఏ పుస్తకంలోనూ లేదంట, చానా మంది వచ్చి అడిగినారు, ఎవురు చెప్పినారు సార్ మీకని. నవ్వేసి ఊరుకుండేది. నువ్వు ఆయన దగ్గరే చదువుకున్నావంట కదా. ఎవురు చెప్పినారో నీకేమైనా తెలుసునా?”

ఇన్నేళ్ళకు నన్ను ఎవరో ఒకరు అడిగారు. నాలుగో గీత మీద పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది.

“తెలుసమ్మా. సార్ ఒకసారి మా ఊరికొచ్చి మా ఇంట్లో భోంచేసినారు. ఆ పొద్దు తెచ్చిందే ఇది.”

“మీ ఇంట్లోనా? యాడమ్మా మీ ఊరు?”

“బాగేపల్లి పక్కన. సంగటి తిన్నారు. రెండు ముద్దలు.”

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ముఖం మారింది.

“ఓ, ఆ పొద్దా. చేలూరు బస్సులో వచ్చినాడే, అదా. వచ్చినోడు వచ్చినట్లే ఇంటెనక్కి పోయి, గొంతులో వేలు పెట్టుకోని అంతా కక్కేసి, తలమీద నీళ్ళు పోసుకోని కానీ లోపలికి రాలేదు. జంజం కూడా మార్చుకునె. ఏమి తిన్నావని ఎంత అడిగినా చెప్పలేదు.” అంటూ అంటూనే తాను ఏమంటున్నదో ఆమెకు తెలిసిపోయింది. గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. “కడుపుకు పడలేదేమోలేమ్మా. సంగటి అలవాటు లేదు కదా.”

వాకిట్లో నిలబడి చూసిన ఆ పూట కళ్ళ ముందు తిరిగింది. తుంచిన ముద్ద, అడిగి పెట్టించుకున్న రెండోది, కడిగి బోర్లించిన కంచం. తిన్నోడు అట్ల అంటాడా అని అవ్వ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇన్నేళ్ళూ జవాబు లేకపోయింది. ఇప్పుడు దొరికింది. చెప్పడానికి అవ్వ లేదు.

షామియానా కింద మొదటి పంక్తి లేచింది. ఎవరో కొత్త ఆకులు పరుస్తున్నారు. ఆమె నా చెయ్యి వదలకుండా అటు నడిపించబోయింది.

“రామ్మా, తిని పోదువు. ఇంతకీ ఎవురు చెప్పినారమ్మా ఆయనకి ఆ పేరు?”

చెయ్యి మెల్లగా విడిపించుకున్నాను. గడప దగ్గర నా చెప్పులు వెతుక్కుని కాళ్ళకు తొడుక్కున్నాను.

“ఎవురూ చెప్పలేదమ్మా. తిననోళ్ళకి మా యవ్వ ఏమీ చెప్పదు.”